సిగ్నల్ పోతే ఏం చేస్తుంది?

మందు కొట్టే డ్రోన్ కొందామనుకునే కుర్రాళ్లు మొదట అడిగే ప్రశ్నలు రెండు. రోజుకు ఎన్ని ఎకరాలు కొట్టొచ్చు? అన్నీ పోగా ఎంత మిగులుతుంది? రెండూ అడగాల్సినవే. అప్పు చేసి కొనేవాడు లెక్క చూసుకోకపోతే ఎట్లా? కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. అమ్మేవాళ్లు ఆ ఊసు తమంతట తాము ఎత్తరు. చేతిలో ఉన్న రిమోట్‌కూ, చేని మీద తిరిగే యంత్రానికీ మధ్య సిగ్నల్ పోతే ఆ యంత్రం ఏం చేస్తుంది?

"ఏం కాదులే, దానంతట అదే వెనక్కొస్తుంది" అంటారు. ఆ మాటతో తృప్తిపడొద్దు. ఎక్కడికి వెనక్కొస్తుంది? ఎంత ఎత్తులో వస్తుంది? దారిలో వేపచెట్టు ఉంటే తప్పుకుంటుందా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని మనిషి దగ్గర డ్రోన్ కొనొద్దు, నేర్చుకోవద్దు కూడా.

రోబో అంటే మనకు రజనీకాంత్ సినిమానే గుర్తొస్తుంది. నల్లమల అంచున ఉన్న రుద్రవరం, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో పొలం పని చేసుకునేవాడికి ఎదురయ్యే దూరపు యంత్రాలు మాత్రం రెండు. ఒకటి మందు డ్రోన్. రెండోది మోటారు షెడ్డులో గోడకు తగిలించిన మొబైల్ స్టార్టర్. ఆ రెండోదాన్ని ఎవరూ రోబో అనరు. అయినా, ఎక్కడో కూర్చున్న మనిషి పంపిన ఆజ్ఞతో ఇక్కడ కదిలే యంత్రం ఏదైనా ప్రమాదం విషయంలో ఒకే జాతి. చెయ్యి దూరమైంది గానీ యంత్రం బలం తగ్గలేదు. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం నడిపేవాడి కంటికి కనబడకుండా పోయాడు.

ఈ యంత్రాలు ఇక మన ప్రాంతానికి కొత్త కావు. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. దేశంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా రాయితీ. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ. మన భాషలో చెప్పాలంటే డ్వాక్రా అక్క చేతికి రిమోట్ వస్తోంది. పక్క జిల్లా ఓర్వకల్లులో డ్రోన్ల తయారీకే ప్రత్యేకంగా ఒక నగరం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం పూనుకుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీదున్న వాళ్లకు అన్నం పొట్లాలు అందించినవీ ఈ డ్రోన్లే. పనికొచ్చే యంత్రమే, అందులో అనుమానం లేదు. పనికొచ్చేది కాబట్టే దాంతో ఎట్లా మెలగాలో నేర్చుకోవాలి.

ఆగితే చాలా?

యంత్రం కట్టేవాళ్లు ఒక సంగతి ముందే తేల్చుకుంటారు. ఆజ్ఞ రావడం ఆగిపోతే ఏ స్థితిలో ఉంటే ఎవరికీ దెబ్బ తగలదు? నేల మీద కదిలే యంత్రానికి జవాబు తేలిక. ఉన్నచోట ఆగిపోవాలి. బరువెత్తే క్రేన్‌కు రేడియో రిమోట్ ఉంటే, సిగ్నల్ అందకపోతే అది తనంతట తాను ఆగాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. డ్రోన్ సంగతి వేరు. గాల్లో ఉన్న యంత్రం ఆగడమంటే పడిపోవడమే. పది లీటర్ల ట్యాంకు నింపిన డ్రోన్ బరువు సుమారుగా పాతిక కిలోలు. అది మనిషి మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే డ్రోన్‌కు సిగ్నల్ పోతే ఉన్నచోటే గాల్లో నిలబడాలా, కిందికి దిగాలా, బయల్దేరిన చోటికి తిరిగి రావాలా అన్నది ముందుగానే అందులో నమోదు చేసి ఉంచాలి. నమోదు చేసేది మీరే. కంపెనీ పెట్టి పంపిన అమరిక మీ చేనిని చూసి పెట్టింది కాదు.

తిరిగి రావడం అనేదాంట్లోనే మెలిక ఉంది. మందు కొట్టేటప్పుడు డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది. సిగ్నల్ పోయాక అదే ఎత్తులో గీత గీసినట్టు వెనక్కొస్తే దారిలో కంచె ఉండొచ్చు, కరెంటు తీగ ఉండొచ్చు, గట్టు మీద భోజనానికి కూర్చున్న కూలీలు ఉండొచ్చు. అందుకని తిరిగొచ్చే ఎత్తును ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన చెట్టుకో స్తంభానికో పైన ఉండేట్టు పెట్టుకోవాలి. పొలం మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి. తెలుగుగంగ కాలువ గట్టు దగ్గర సరిపోయిన ఎత్తు, హైటెన్షన్ తీగలు పోయే చేలో సరిపోకపోవచ్చు. తీగల కిందా, పక్కనా అసలు ఎగరేయకపోవడమే మేలు. ఒక్క కయ్య మిగిలిపోతే స్ప్రేయర్ డబ్బా భుజాన వేసుకుని కొట్టుకోమనండి.

ఇంటికి రావడం అంటే దానికి తెలిసిన ఇల్లు, లేచిన చోటు. పొద్దున తూర్పు గట్టు మీద లేపి, మధ్యాహ్నానికి మీరు నీడ వెతుక్కుంటూ పడమటి గట్టుకు మారారనుకోండి. మీతోపాటు ఆ చోటు మారదు. మీరు లేచి వచ్చిన చోట ఈలోపు ఎవరో ట్రాక్టరు ఆపి ఉండొచ్చు, పిల్లలు చేరి ఉండొచ్చు. అది నేరుగా వాళ్ల నెత్తి మీదికి దిగుతుంది. నిలబడే చోటు మారితే డ్రోన్‌ను దించి కొత్త చోటునుంచి మళ్లీ లేపండి. రెండు నిమిషాల పని.

సిగ్నల్ ఎందుకు పోతుంది?

చాలా రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. లైసెన్సు అక్కర్లేని బ్యాండు కాబట్టి ఇంట్లో వైఫై, బ్లూటూత్, పెళ్లి వీడియో తీసే చిన్న డ్రోన్ అన్నీ అక్కడే ఉంటాయి. రచ్చబండ దగ్గర అందరూ ఒక్కసారిగా మాట్లాడితే ఎవరి మాట ఎవరికీ వినపడదు, అట్లాంటిదే ఇదీ. చేలో ఈ బాధ తక్కువ. సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరి పల్లెపల్లెకూ వస్తాడు కదా, ఆ జనంలో వందల ఫోన్ల మధ్య వీడియో డ్రోన్ లేపుతామనేవాళ్లు ఉంటారు. చెయ్యకండి. సిగ్నల్ పోయే అవకాశమూ, పడితే తగిలే మనుషులూ రెండూ ఎక్కువగా ఉన్న చోటు అది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ తరంగాలను నీరు మింగేస్తుంది. మనిషి ఒళ్లు చాలావరకు నీరే. డ్రోన్‌కు వీపు చూపించి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడితే మీ ఒళ్లే అడ్డు. ఎత్తుగా పెరిగి తడిసిన మొక్కజొన్న, మామిడి తోట కూడా అడ్డే. రిమోట్ ఏంటెనా కొసను డ్రోన్ వైపు గురిపెడితే బాగా అందుతుందనుకుంటారు. నిజానికి కొస నుంచి వచ్చేది అన్నిటికంటే తక్కువ. ఏంటెనా పక్క భాగం డ్రోన్ వైపు ఉండాలి. ఫోన్‌నే తెరగా వాడే రిమోట్ అయితే ఆ ఫోన్ దానికే కేటాయించండి. సరిగ్గా తీగ దగ్గరికి వచ్చినప్పుడు బావమరిది ఫోన్ చేసి తెరను కమ్మేస్తే ఆ తప్పు బావమరిదిది కాదు.

మొదలుపెట్టే వరస కూడా నేర్చుకోవాలి. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాత డ్రోన్. ముగించేటప్పుడు ముందు డ్రోన్ ఆపాలి, ఆఖర్న రిమోట్. తలకిందులైతే ఆజ్ఞ ఇచ్చేవాడు లేకుండా ప్రాణమున్న యంత్రం నేల మీద ఉన్నట్టే. కొత్త డ్రోన్ తెచ్చిన రోజు, రెక్కలు విప్పేసి, శిక్షకుడి ఎదుటే రిమోట్ ఆపించి చూడండి. అప్పుడది ఏం చేస్తుందో మీ కళ్లతో చూశాకే రెక్కలు బిగించండి. కాగితం మీద రాసింది నమ్మి ఊరుకోవద్దు.

దిగిన తర్వాత జరిగే ప్రమాదం గురించి పెద్దగా మాట్లాడుకోరు. డ్రోన్ నేలకు ఆనగానే సాయం చేసే కుర్రాడు మందు డబ్బా పట్టుకుని పరిగెత్తుతాడు. త్వరగా నింపితే మరో ఎకరం ఎక్కువ పడుతుందన్న ఆశ. రెక్కలు ఇంకా తిరుగుతుంటాయి. లేదా ఆగినట్టే ఉండి, మెడలో వేలాడే రిమోట్ స్టిక్కులు తువ్వాలుకు తగులుకుంటే మళ్లీ తిరుగుతాయి. కార్బన్ ఫైబర్ రెక్క చర్మాన్ని కాదు, ఎముకను వెతుక్కుంటుంది. అందుకే ఇద్దరి మధ్య ఒక గుర్తు ఉండాలి. రెక్కలు పూర్తిగా ఆగాయని చూసి, మోటార్లకు తాళం వేసి, రిమోట్ పట్టినవాడు చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి లేవందే కుర్రాడు కదలకూడదు. వాడు మీ తమ్ముడైనా సరే, తమ్ముడైతే ఇంకా కచ్చితంగా.

భయపడిన చెయ్యి

ఫ్యాక్టరీల్లో రోబో చేతికి పని నేర్పేవాడి రిమోట్ మీద ఒక మూడు మెట్ల మీట ఉంటుంది. వదిలేస్తే రోబో ఆగుతుంది. సగం నొక్కి పట్టుకుంటే కదులుతుంది. గట్టిగా పిసికితే మళ్లీ ఆగిపోతుంది. ఎందుకిట్లా చేశారంటే, హడలిపోయిన మనిషి చేతిలోది వదిలేయొచ్చు, లేదా బిగదీసి పట్టుకోవచ్చు. ఎవడు ఏం చేస్తాడో ముందు తెలియదు. రెండింట్లోనూ యంత్రం ఆగాలి. మనిషి భయాన్ని తప్పుగా చూడకుండా లెక్కలోకి తీసుకుని చేసిన పనిముట్టు అది.

మన డ్రోన్ రిమోట్‌కు ఆ మీట లేదు. కాబట్టి దాని పని మీ అలవాటు చేయాలి. డ్రోన్ మీ వైపు ముఖం తిప్పి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కంగారులో స్టిక్కును అటు లాగాలనుకుని ఇటు లాగుతారు. ఇంకా కంగారుపడి ఇంకా గట్టిగా లాగుతారు. జీపీఎస్ మోడ్‌లో ఉన్న డ్రోన్ అయితే రెండు స్టిక్కులూ వదిలేయండి. అది ఉన్నచోట నిలబడుతుంది. ఊపిరి పీల్చుకుని, ఏది కుడో చూసుకుని, అప్పుడు కదపండి. వదిలేయడం సహజంగా రాదు, దాన్ని సాధన చేయాలి. ఖాళీ ట్యాంకుతో, ఖాళీ బీడులో, రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి కావాలనే వదిలి చూస్తూ ఉంటే అవసరమైన రోజు చెయ్యి దానంతట అది చేస్తుంది.

ఆలస్యంగా చేరిన ఆజ్ఞ

ఇక మోటారు సంగతి. మొబైల్ స్టార్టర్ రైతుకు చేసిన మేలు చిన్నది కాదు. రాత్రిపూట పాములూ అడవిపందులూ తిరిగే గట్ల మీద నడిచి పోయి మోటారు వేసే బాధ తప్పింది. మంచం మీదినుంచి ఫోన్ నొక్కితే నీళ్లు పారతాయి. డ్రోన్‌కు సిగ్నల్ పోవడం ప్రమాదమైతే, ఇక్కడ అసలు ప్రమాదం పోయిన సిగ్నల్ తర్వాత తీరిగ్గా రావడం.

అడవి అంచు పల్లెల్లో ఫోన్ సిగ్నల్ ఒక చోట ఉంటే ఇంకో చోట ఉండదు. మెసేజ్‌తో నడిచే స్టార్టర్‌కు మీరు ఆన్ అని పంపారు. అక్కడ నెట్‌వర్క్ లేదు. మెసేజ్ ఫోన్ కంపెనీ దగ్గరే ఆగి ఉంది. మోటారు ఆడలేదని మీరు మనిషిని పంపారు. అతను పైపు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు సిగ్నల్ వచ్చింది, మీరు మర్చిపోయిన ఆజ్ఞ స్టార్టర్‌కు చేరింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే మోటారు లేస్తుంది. ఆటో స్టార్టర్‌దీ ఇదే గుణం. కరెంటు పోయి రాగానే దానంతట అదే లేస్తుంది. 2018 జనవరి నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అక్కడి ప్రభుత్వం గట్టిగా అడిగింది. వాళ్ల కారణం భూగర్భ జలాలు, కరెంటు భారం. నన్నడిగితే మనిషి ప్రాణం కూడా సరిపడా కారణమే.

దీనికి మందు రిమోట్‌లో లేదు, ఫ్యూజులో ఉంది. మోటారును, తీగను, పైపును ముట్టుకునే ముందు మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు ఊడబెరికి జేబులో వేసుకోవాలి. గూట్లో పెట్టడం కాదు, జేబులోనే. అప్పుడు ప్రపంచంలో ఎవరు ఏ ఫోన్ నుంచి ఏం నొక్కినా ఆ మోటారు లేవదు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ యాప్‌లో ఊళ్లో మోటారు వేస్తున్నాడని గొప్పగా చెప్పుకునే నాయనలు ఉన్నారు. సంతోషమే. అయితే ఆ యాప్ ఉన్న ఫోన్లు ఎన్నో, స్టార్టర్‌లో ఏయే నంబర్లు నమోదై ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకోండి. పోయినేడు పని మానేసిన జీతగాడి నంబరు ఇంకా అందులోనే ఉంటే ఇవాళే తీసేయండి.

అడగని చెయ్యి

ఆజ్ఞను మీ రిమోటే పంపిందో, ఇంకెవరైనా పంపారో యంత్రం ముఖం చూసి చెప్పలేదు. 2008 జనవరిలో పోలండ్‌లోని వూచ్ నగరంలో 14 ఏళ్ల పిల్లాడు టీవీ రిమోట్‌ను మార్చి ట్రాముల పట్టాలు మలిపే మీటలను నడిపాడు. నాలుగు ట్రాములు పట్టాలు తప్పాయి, 12 మందికి దెబ్బలు తగిలాయి. వాడికి అది ఆట. 2019లో ట్రెండ్ మైక్రో సంస్థ పరిశోధకులు పెద్ద క్రేన్ల రేడియో రిమోట్లను పరీక్షించి, చాలావాటిలో ఆజ్ఞను గాల్లోంచి పట్టి దాచుకుని తర్వాత మళ్లీ పంపితే క్రేన్ కదులుతోందని చూపించారు. ప్రతిసారీ ఒకే సంకేతం పంపే పాత పద్ధతి రిమోట్లకు ఈ జబ్బు ఉంటుంది.

మన ఊళ్లలో దొంగ సంకేతం కంటే తారుమారైన రిమోట్ ఎక్కువ నిజమైన భయం. బేతంచెర్ల వైపు రాళ్ల ఫ్యాక్టరీల్లోనో, సిమెంటు ఫ్యాక్టరీలోనో ఉద్యోగానికి పోయే పిల్లలకు ఇది చెబుతున్నాను. రెండు క్రేన్లకు ఒకే రంగు రిమోట్లు బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తీసుకుని నొక్కుతారు. మీ ముందున్న క్రేన్ కదలదు, మీ వెనకది కదులుతుంది. ప్రతి రిమోట్ మీదా, ప్రతి క్రేన్ మీదా ఒకే అంకె పెద్దగా రాసి పెట్టండి. రిమోట్ మీది ఎర్ర బటన్‌ను షిఫ్టు మొదట్లోనే ఒకసారి నొక్కి చూడండి. బ్యాటరీ అయిపోయిన రిమోట్ మీదా, ఇంకో యంత్రానికి జతయిన రిమోట్ మీదా ఆ బటన్ అంతే ఎర్రగా ఉంటుంది, మీ యంత్రానికి మాత్రం అది పనిచేయదు. అందుకే గోడకు వైరుతో బిగించిన ఎమర్జెన్సీ స్విచ్ ఎక్కడుందో చూడకుండా పని మొదలుపెట్టొద్దు.

వైరు పాతకాలం అనుకోవడం కూడా సరికాదు. నల్లమలలోనే, కృష్ణకు ఆవలి ఒడ్డున దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మనుషులు పోవడానికి ప్రమాదమైన ఆ చోట గాలింపు కోసం మార్చిలో హైదరాబాద్ కంపెనీ రోబోలను దించారు. కొండ లోపలికి రేడియో తరంగం సరిగ్గా పోదు. అట్లాంటి చోట యంత్రంతో మాట్లాడాలంటే తీగ లాగాలి, లేదా దారి పొడుగునా సిగ్నల్ పెట్టెలు పెట్టుకుంటూ పోవాలి. తీగకూ దాని కష్టం దానికుంది. జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం మందపు గోడల మధ్యకు 2011లో క్విన్స్ అనే రోబోను తీగతోనే పంపారు. అక్టోబరులో ఆ తీగ పాడై, రోబో రియాక్టరు భవనంలోనే ఉండిపోయింది. ఏది ఎక్కడ తెగుతుందో తెలుసుకుని ఎంచుకోవాలి తప్ప తెగనిది ఏదీ లేదు.

"ఇంగొక కయ్యే కదప్పా"

ఇంతవరకూ చెప్పినవన్నీ తెలిసినా ప్రమాదాలు జరుగుతాయి. ఎందుకంటే పనిలో ఉన్నవాడి మీద ఒత్తిడి ఉంటుంది. మధ్యాహ్నం దాటింది, గాలి లేచింది, రిమోట్ తెర మీద సిగ్నల్ గీతలు పడుతూ లేస్తూ ఉన్నాయి. రైతు గట్టు మీదినుంచి అంటాడు: "ఇంగొక కయ్యే కదప్పా, కొట్టేసి పో. మళ్ల ఎవరొస్తారు?" ఆయన మాటలో తప్పు లేదు. పురుగు ఆగదు, కూలీ దొరకదు. మీకూ ఎకరాల లెక్కనే డబ్బు.

అక్కడ "లేదన్నా, ఈ గాలిలో కొట్టను" అనగలగడమే ఈ పనిలో అసలు నేర్పు. ఆ మాట చేలో నిలబడి అప్పటికప్పుడు తేల్చుకునేది అయితే నోటికి రాదు, మొహమాటం అడ్డొస్తుంది. అందుకే పొద్దున బయానా తీసుకునేటప్పుడే చెప్పండి: గాలి ఎక్కువైతే, సిగ్నల్ రెండుసార్లు తెగితే, చేలోకి మనుషులు వస్తే దించేస్తాను. మిగిలిన కయ్యకు మర్నాడు తెల్లవారుజామున వస్తాను, ఆ రాకకు వేరే ఛార్జీ లేదు. ఇట్లా చెబితే ఇద్దరు ముగ్గురు రైతులు పక్క ఊరి డ్రోనువాడి దగ్గరికి పోవచ్చు. పోనివ్వండి. తెల్లవారుజామున గాలి తక్కువ, మందు పక్క చేనికి కొట్టుకుపోదు, గట్ల మీద మనుషులూ ఉండరు. మిగిలిన కయ్యకు ఎట్లాగూ ఆ వేళే మంచిది.